ద్రాక్ష పందిరి కింద ఏడాది పని: నల్గొండ, పాలమూరు రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

చలి దేశాల్లో ద్రాక్ష ఆకు రాల్చి కొన్ని నెలలు నిద్రపోతుంది. మన దగ్గర అంత చలి లేదు, తీగ ఏడాది పొడవునా పెరుగుతూనే ఉంటుంది. అందుకే ఏడాదికి రెండుసార్లు కత్తెర పెట్టి కాపును మనమే నడిపించాలి. ఏప్రిల్‌లో కొమ్మ కోసం వేసవి కత్తిరింపు, అక్టోబరులో పండు కోసం కాపు కత్తిరింపు. ఎకరం, రెండెకరాలు ఉన్న కుటుంబాలు ఎక్కువ శ్రద్ధ, ఎక్కువ ఖర్చు అక్టోబరు తర్వాతే పెడతాయి. కానీ ఫిబ్రవరిలో ఎన్ని గుత్తులు దిగుతాయన్నది మే, జూన్‌లలోనే తేలిపోతుంది. కింద వేసవి పనుల గురించి వివరంగా రాయడానికి కారణం అదే.

## తోట పెట్టక ముందు

మా చల్క భూముల్ల ద్రాక్ష అయితదా?

అవుతుంది. నీరు ఇంకిపోయే ఎర్ర చల్క, దుబ్బ నేలలు ద్రాక్షకు అనుకూలం. రేగడిలో కూడా పండుతుంది, కానీ వాన పడ్డాక ఒక రోజుకు మించి నీళ్లు నిలిచే చెలకలో పెట్టొద్దు. వేరు ఊపిరాడక చస్తుంది. అలాంటి చోట తప్పదనుకుంటే మొక్కల వరుసను అడుగున్నర ఎత్తు కట్టగా పోసి, మధ్యలో మురుగు కాలువ తీయాలి. నిర్ణయం తీసుకునే ముందు మూడు నాలుగు చోట్ల 3 అడుగుల లోతు గుంత తవ్వి చూడండి. 2 అడుగుల లోపే గట్టి మొరం గానీ తెల్లటి సున్నపు గడ్డలు గానీ తగిలితే ఆలోచించాలి. సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము అందక లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రమే పచ్చగా మిగులుతాయి. పైపాటుగా ఎంత ఇనుము పిచికారీ చేసినా అది ఏటా తిరిగొస్తుంది.

బోరు నీళ్లు ఉప్పగ ఉన్నయి. పెట్టొచ్చా?

నాలుకతో తేల్చొద్దు, పరీక్ష చేయించండి. బోరు పావుగంట నడిచాక శుభ్రమైన సీసాలో లీటరు నీళ్లు పట్టాలి. మే నెలలో, నీటిమట్టం అడుగంటినప్పుడు తీసిన నమూనానే అసలు సంగతి చెబుతుంది. రిపోర్టులో ఈసీ (నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 1 లోపు ఉంటే ఇబ్బంది లేదు. 1 నుంచి 2 మధ్య ఉంటే సొంత వేరు మీద పెట్టొద్దు. ఉప్పును తట్టుకునే డాగ్‌రిడ్జ్ లేదా 110ఆర్ వేరుమూలం (అంటుకు అడుగున ఉండే వేరు మొక్క) మీద అంటు కట్టిన మొక్కే పెట్టాలి. 2 దాటితే ఆ నీటి మీద ద్రాక్ష వద్దనే చెబుతాం. పందిరి ఖర్చు చిన్నది కాదు, నాలుగో ఏట తీగలు ఎండిపోతే తిరిగి రాదు.

నల్గొండ వైపు అందరూ ఫ్లోరైడ్ గురించి అడుగుతారు. అది మనుషులు తాగే నీటికి పెద్ద ముప్పు. తోట కోసం ముందు చూడాల్సినవి సోడియం, క్లోరైడ్, బైకార్బొనేటు. ఉప్పు నీటి దెబ్బ ముదురు ఆకుల అంచుల్లో మాడు రూపంలో మొదలవుతుంది. అలాంటి తోటలో పొటాష్‌ను మ్యూరియేట్ రూపంలో ఇవ్వొద్దు, అందులో క్లోరైడ్ ఉంటుంది. సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడండి.

ఎకరానికి రోజుకు ఎన్ని నీళ్లు కావాలె?

10 అడుగుల వరుసలో 6 అడుగులకో మొక్క పెడితే ఎకరానికి 726 మొక్కలు పడతాయి. ఒక్కో మొక్క పందిరి మీద 60 చదరపు అడుగులు, అంటే సుమారు 5.6 చదరపు మీటర్లు పరుచుకుంటుంది. మే నెల ఎండలో రోజుకు 10 మి.మీ. నీరు ఆవిరైతే, అందులో 40 శాతం లెక్కన మొక్కకు 22 లీటర్లు, ఎకరానికి సుమారు 16 వేల లీటర్లు. డిసెంబరులో ఇందులో సగం సరిపోతుంది. వేసవిలో మీ బోరు ఎన్ని లీటర్లు పోస్తుందో 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, అది నిండే సమయం చూసి లెక్కగట్టండి. మే నెలలో 16 వేల లీటర్లు రాకపోతే అర ఎకరమే పెట్టండి.

ఏ రకం మంచిది?

విత్తనం లేని థామ్సన్ సీడ్‌లెస్, దానిలోంచి ఎంపిక చేసిన తాస్-ఎ-గణేష్, పొడుగు పండు ఇచ్చే సోనాక, మాణిక్ చమన్ మార్కెట్‌లో తేలిగ్గా పోతాయి. నల్లవాటిలో శరద్ సీడ్‌లెస్ ఉంది. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు పేరు తెచ్చిన అనాబ్-ఎ-షాహి గింజ ఉన్న రకం. దిగుబడి బాగా ఇస్తుంది, గుత్తులను జిబ్బరెలిక్ యాసిడ్ (కాయను పెంచే హార్మోను మందు)లో ముంచే పని ఉండదు. కానీ తొక్క పల్చన, డౌనీ అనే బూజు తెగులు తేలిగ్గా తగులుతుంది, దూరం రవాణాకు ఆగదు. దగ్గర్లోని పట్నంలోనే అమ్ముకునే వాళ్లకు ఇప్పటికీ పనికొస్తుంది.

మొదటిసారి పెట్టేవాళ్లు ఒకే రకం పెట్టండి. రకానికో కత్తిరింపు, రకానికో మందు అంటే చిన్న కుటుంబం తట్టుకోలేదు.

ఇంట్ల నలుగురమే ఉన్నం. ఎకరం నడుపగలుగుతమా?

రోజువారీ పని నడుస్తుంది. కానీ ఏడాదిలో నాలుగుసార్లు బయటి కూలీలు తప్పరు: మే మొదట్లో చిగుళ్లు తీసేటప్పుడు, అక్టోబరు కత్తిరింపుకు, నవంబరు చివర నుంచి డిసెంబరు దాకా గుత్తులు పల్చన చేసి మందులో ముంచేటప్పుడు, ఫిబ్రవరి, మార్చి కోతకు. వీటిలో అక్టోబరుదే అసలు ఇబ్బంది. బతుకమ్మ, దసరా అప్పుడే వస్తాయి, పత్తి ఏరే పని కూడా అప్పుడే మొదలవుతుంది. కూలీలతో పండుగకు ముందే మాట్లాడి తేదీ ఖాయం చేసుకోండి. తోటను 10 గుంటల చొప్పున నాలుగు ముక్కలుగా చేసి, ముక్కకు మూడు నాలుగు రోజుల తేడాతో కత్తిరిస్తే తర్వాత వచ్చే ముంచుడు, కోత కూడా అదే తేడాతో వచ్చి ఇంటివాళ్ల చేతికి అందుతాయి.

## పందిరి, నాటడం

పందిరి ఎట్ల వెయ్యాలె? రాతి కడీలా, ఇనుప పైపులా?

మన దగ్గర గుండు రాయి దొరుకుతుంది కాబట్టి రాతి కడీలే చౌక, చెదలు పట్టవు, తుప్పు పట్టవు. 9 అడుగుల కడీ తీసుకుని 2 అడుగులు భూమిలో పాతితే 7 అడుగుల ఎత్తులో పందిరి వస్తుంది. ఇంతకంటే తక్కువైతే కింద నడిచి మందు కొట్టడం నరకం, ఎక్కువైతే గుత్తులు చేతికందవు. చుట్టూ అంచు కడీలు బయటికి వాలేలా పాతి, వాటికి బయటివైపు లంగరు రాళ్లు పూడ్చి తీగతో లాగి కట్టాలి. పందిరి బరువంతా ఈ అంచుల మీదే పడుతుంది. కూలిన పందిళ్లలో ఎక్కువ భాగం మధ్యలో విరిగినవి కావు, మూల కడీ లోపలికి ఒరిగి కుంగినవే. అంచుకు, ప్రధాన వరుసలకు 8 గేజి జీఐ తీగ, మధ్యలో అడుగున్నరకు ఒకటి చొప్పున 10 లేదా 12 గేజి తీగ అల్లండి. ఎకరం పందిరి మీద 8, 9 టన్నుల పండు వేలాడుతుంది. దాని మీద తడిసిన ఆకు, గాలి. లంగరు దగ్గర పైసలు మిగిల్చుకోవద్దు.

అంటు మొక్క కొనాలా, వేరు మొక్క పెట్టి మనమే అంటు కట్టాలా?

రెండో పద్ధతి మేలు. ఫిబ్రవరి, మార్చిలో డాగ్‌రిడ్జ్ వేరు మొక్క నాటితే వానాకాలానికి వేళ్లు బాగా దిగుతాయి. ఆగస్టు, సెప్టెంబరులో కాండం పెన్సిలు మందం కాగానే భూమికి అడుగు పైన చీలిక అంటు కట్టాలి. పుల్ల కాపు బాగా ఇచ్చే, తెగులు లేని తీగ నుంచే తేవాలి. ఎవరో ఇచ్చారని గుర్తు తెలియని పుల్ల కడితే, రకం తేడా అని రెండేళ్ల తర్వాత తెలుస్తుంది. అంటు ముడి మీద మట్టి ఎప్పుడూ ఎక్కనీయొద్దు. మట్టి తగిలితే పై భాగం సొంత వేళ్లు వేస్తుంది, వేరుమూలం పెట్టిన ఉపయోగం పోతుంది. ముడి కింద నుంచి వచ్చే డాగ్‌రిడ్జ్ పిలకలను వారం వారం గోటితో తీసేయండి.

తీగను పందిరి ఎక్కించుడు ఎట్ల?

ఒక్క చిగురునే కర్రకు కట్టి నిటారుగా పంపాలి, పక్కవి తీసేయాలి. అది పందిరి తీగను దాటాక, తీగకు అరడుగు కింద కొన చిదిమితే పక్క నుంచి రెండు చేతులు వస్తాయి. వాటిని చెరో వైపు పాకించి, ప్రతి అడుగుకు ఒకసారి ఆపి పక్క కొమ్మలు తీసుకోండి. ఒకేసారి ఆరడుగులు పరుగెత్తనిస్తే మధ్యలో కొమ్మలు లేని బోడి చేయి మిగులుతుంది, అక్కడ తర్వాత ఎప్పటికీ గుత్తి రాదు.

మొదటి ఏడాది పందిరి కింద కూరగాయలు పెట్టొచ్చా?

ఆకుకూరలు, బంతి పెట్టొచ్చు. టమాట, వంకాయ, బెండ, బీన్స్ వద్దు. వాటి వేళ్లకు పట్టే నులిపురుగు ద్రాక్ష వేరును కూడా పట్టుకుంటుంది. కాకర, బీరలను పందిరి ఎక్కిస్తే లేత ద్రాక్ష తీగకు ఎండ అందదు.

## వేసవి: ఏప్రిల్ నుంచి జూన్

వేసవి కత్తిరింపు ఎప్పుడు చెయ్యాలె, ఎన్ని కన్నులు ఉంచాలె?

ఏప్రిల్ మొదటి పక్షంలో. ఉగాది అయ్యాక అని గుర్తు పెట్టుకోకండి, పండుగ తేదీ మారుతుంది. కోత అయ్యాక తీగకు కనీసం 15 నుంచి 20 రోజుల విశ్రాంతి ఇచ్చి, ఆ లోపు పశువుల ఎరువు, సూపర్ ఫాస్ఫేట్ వేరు దగ్గర కాలువ తీసి వేసి కప్పేయాలి. తర్వాత పాత కొమ్మలన్నీ ఒక్క కన్ను (కొత్త చిగురు వచ్చే మొగ్గ) ఉంచి కత్తిరించాలి.

ఆలస్యం చేస్తే రెండు నష్టాలు. మే ఎండలు 42, 43 డిగ్రీలకు వెళ్లినప్పుడు నీడ లేని చేతులు మాడి కన్నులు పగలవు. పగిలినా, కొత్త కొమ్మలో పండు కన్ను ఏర్పడే రోజులు మిరుగం దాటి మబ్బుల్లో పడతాయి. పండు కన్నుకు ఎండ కావాలి. తప్పనిసరై ఆలస్యమైతే బోడి చేతులకు సున్నం పూసి, సాయంత్రం పూట పందిరి మీద నీళ్లు చిలకరించండి.

చిగుళ్లు గుంపులు గుంపులుగ వచ్చినయి. అన్నీ ఉంచితే కాపు ఎక్కువ రాదా?

రాదు, తగ్గుతుంది. పందిరి మీద చదరపు అడుగున్నరకు ఒక కొమ్మ చాలు. 60 చదరపు అడుగుల తీగకు 40 అన్నమాట. నాలుగైదు ఆకులు విచ్చుకోగానే మిగిలినవి, ముఖ్యంగా మరీ సన్ననివి, మరీ లావుగా దూకేవి, చేత్తో విరిచేయండి. ఆ దశలో కత్తెర కూడా అక్కర్లేదు. పది రోజులు ఆలస్యమైతే కొమ్మ ముదిరి పని రెండింతలవుతుంది, అప్పటికే నీడ పడి ఉంటుంది. మధ్యాహ్నం పందిరి కింద నిలబడి చూడండి. నేల మీద ఎండ చుక్కలు కదులుతూ కనపడాలి. నేలంతా చీకటిగా ఉంటే ఇంకా తీయాలి.

ఏడు ఆకుల దగ్గర చిదమాలంటరు. ఎందుకు?

కొమ్మ తొమ్మిది పది ఆకులకు వచ్చినప్పుడు ఏడో ఆకు పైన తుంచితే, పరుగు ఆగి పక్క కొమ్మ ఒకటి లేస్తుంది. దాన్ని ఐదు ఆకుల దగ్గర మళ్లీ తుంచాలి. రెండూ కలిసే ముడి దగ్గర కన్నుల్లో ఆహారం నిలుస్తుంది, గుత్తులు ఎక్కువగా అక్కడి నుంచే వస్తాయి. అక్టోబరులో ఎక్కడ కోయాలో కూడా ఆ ముడే చూపిస్తుంది. బలం లేని సన్న కొమ్మను తుంచొద్దు, దాన్ని అలాగే సాగనివ్వండి.

నిరుడు కొమ్మలు దండిగ పెరిగినయి, గుత్తులే రాలే. ఏం తప్పు జరిగింది?

మా దగ్గరికి ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇదే. జవాబు దాదాపు ప్రతిసారీ ఏప్రిల్, జూన్ మధ్యే దొరుకుతుంది.

వేసవి కత్తిరింపు తర్వాత సుమారు 40వ రోజు నుంచి 70వ రోజు వరకు కన్ను లోపల ఒక మలుపు ఉంటుంది. అక్కడ ఏర్పడే మొలక గుత్తిగా మారాలా, నులితీగగా (పందిరికి చుట్టుకునే సన్న తీగగా) మారాలా అన్నది ఆ రోజుల్లో నిర్ణయమవుతుంది. కొమ్మకు ఎండ, నిల్వ ఆహారం దండిగా ఉంటే గుత్తి. నీడ, నత్రజని, నీళ్లు ఎక్కువైతే నులితీగ. తోట చూడ్డానికి పచ్చగా, కనులపండువగా ఉంటుంది, లోపల కాపు పోతుంది.

అందుకని ఆ నెల రోజులు యూరియా పూర్తిగా ఆపాలి. 35వ రోజు నుంచి నీళ్లు మూడో వంతు తగ్గించాలి, ఆకు వాడేంత మాత్రం కాదు. భాస్వరం, పొటాష్ డ్రిప్ ద్వారా ఇవ్వాలి. పరుగెత్తే కొనలు తుంచాలి. 45వ రోజున కొమ్మ మొదలు నుంచి ఐదో ఆకు తొడిమలు వంద దాకా తెంపి పరీక్షకు పంపితే ఏ ఎరువు తక్కువో, ఏది ఎక్కువో తెలుస్తుంది. ఆకు కాదు, తొడిమ మాత్రమే పంపాలి.

ఇంకో రెండు కారణాలు ఉంటాయి. వానాకాలంలో తెగులుకు ఆకు రాలిపోతే ఏర్పడిన కన్ను కూడా బలహీనపడుతుంది. ముందటి ఏడు మోతాదుకు మించి గుత్తులు మోసిన తీగ మరుసటి ఏడు చేతులెత్తేస్తుంది.

ఈ ఏడు ఎలా ఉందో ముందే తెలుసుకోవాలంటే, సెప్టెంబరు మొదట్లో నాలుగైదు తీగల మీద తలా రెండు కొమ్మలు వేర్వేరు కన్నుల దగ్గర కోసి చూడండి. మూడు వారాల్లో ఏ కన్ను నుంచి గుత్తి వస్తుందో కనబడుతుంది. అసలు కత్తిరింపు ఆ లెక్కన చేయొచ్చు.

## వానాకాలం

ఆకు మీద నూనె మరకలు, కింద తెల్ల బూజు. బూడిద తెగులేనా?

కాదు, అది డౌనీ. పై వైపు పసుపు నూనె మరక, సరిగ్గా దాని కింద తెల్లటి బూజు ఉంటే డౌనీ. ఆకుకు రెండు వైపులా, కాయ మీద కూడా బూడిద చల్లినట్టుంటే బూడిద తెగులు. తేడా ముఖ్యం, ఎందుకంటే ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు. డౌనీకి ఆకు తడి కావాలి, 20 నుంచి 25 డిగ్రీల చల్లదనం కావాలి. ముసురు పట్టిన వారంలో తోటంతా పాకుతుంది. కనపడ్డాక మాంకోజెబ్, మెటలాక్సిల్ కలిసిన మందు లీటరుకు 2.5 గ్రాములు, ఆకు అడుగు భాగం తడిసేలా కొట్టాలి. అదే మందు వరుసగా రెండుసార్లకు మించి కొట్టొద్దు, తెగులుకు అలవాటవుతుంది. బూడిద తెగులుకు నీటిలో కలిసే గంధకం లీటరుకు 2 గ్రాములు. ఎండ 35 డిగ్రీలు దాటిన రోజు గంధకం కొడితే ఆకు, కాయ మాడిపోతాయి.

బోర్డో మిశ్రమం ఇంట్ల ఎట్ల కలుపాలె?

ఒక శాతం మిశ్రమానికి ఒక కిలో మైలుతుత్తం, ఒక కిలో రాతి సున్నం, 100 లీటర్ల నీళ్లు. ప్లాస్టిక్ డ్రమ్ములే వాడాలి, ఇనుప, జింకు పాత్రలు తుత్తానికి తినిపోతాయి. రాత్రే తుత్తాన్ని గుడ్డలో కట్టి నీళ్లలో వేలాడదీస్తే తెల్లారేసరికి కరుగుతుంది; 50 లీటర్లు చేయండి. ఇంకో డ్రమ్ములో సున్నాన్ని కొద్ది నీళ్లతో ఉడికించి, గుడ్డతో వడగట్టి 50 లీటర్లు చేయండి. తర్వాత తుత్తం నీళ్లను సున్నం నీళ్లలోకి సన్న ధారగా పోస్తూ కలపాలి, అటుది ఇటు కాదు.

మెరిసే ఇనుప కత్తిని ఒక నిమిషం ముంచి తీయండి. ఎర్రటి రాగి పూత పట్టిందంటే తుత్తం మిగిలి ఉంది, ఆకు మాడుతుంది. పూత పట్టనంత వరకు సున్నం నీళ్లు పోయాలి. సున్నం పాతదైతే కిలో చాలదు, అందుకే ఈ పరీక్ష ప్రతిసారీ చేయాలి. కలిపిన రోజే వాడేయాలి. కాయ పడ్డాక బోర్డో వద్దు, మరకలు పోవు.

గుండ్రటి మచ్చలు పడి మధ్యల చిల్లులు పడుతున్నయి. ఏంది?

పక్షికన్ను తెగులు. వానలకు లేత చిగుళ్లు, కొమ్మల మీద నల్లంచు మచ్చలుగా వస్తుంది. మచ్చ ఉన్న కొమ్మలు కత్తిరించి తోట బయట తగలబెట్టండి, పందిరి కింద వదిలితే వచ్చే ఏటికి అవే మూలం. కోసిన చోట బోర్డో కొట్టండి.

## కాపు కత్తిరింపు: అక్టోబరు

ఏ తేదీకి కత్తిరించాలె?

హస్త కార్తె చివర నుంచి చిత్త కార్తె మొదటి వారం, అంటే సుమారు అక్టోబరు 8 నుంచి 18 మధ్య. థామ్సన్ రకానికి అక్కడి నుంచి 120 నుంచి 135 రోజులకు కోత, అంటే ఫిబ్రవరి మొదటి వారం నుంచి మార్చి మొదటి రోజుల దాకా. సెప్టెంబరులో కత్తిరిస్తే పూత వానల్లో పడి డౌనీకి గుత్తులే ఎండిపోతాయి. నవంబరుకు జరిపితే డిసెంబరు చలికి ఎదుగుదల మందగించి, కోత మార్చి చివరి ఎండల్లోకి, వడగండ్ల భయంలోకి వెళ్తుంది. వాతావరణ శాఖ అల్పపీడనం చెబితే నాలుగు రోజులు ఆగండి. ఆగినందుకు పోయేదేమీ లేదు.

ఎన్ని కన్నుల మీద కొయ్యాలె?

థామ్సన్ రకాల్లో 5 నుంచి 7, ముడి ఉన్న కొమ్మలో ముడి దాటి ఒకటి రెండు కన్నుల పైన. అనాబ్-ఎ-షాహిలో 3 నుంచి 5. కోయడానికి వారం ముందు నుంచి నీళ్లు తగ్గించి, మిగిలిన ఆకు దూసేయండి. కత్తెరను తీగకూ తీగకూ మధ్య మందు నీళ్లలో ముంచడం అలవాటు చేసుకోండి.

కన్నులకు పూసే మందు ప్రమాదమంటరు, నిజమేనా?

నిజం. హైడ్రోజన్ సైనమైడ్ విషపూరితం, చర్మాన్ని కాలుస్తుంది. కోసిన 48 గంటల లోపు, కొమ్మ చివరి రెండు మూడు కన్నులకు, కొమ్మ మందాన్ని బట్టి లీటరుకు 30 నుంచి 40 మి.లీ. కలిపి పూస్తారు, డబ్బా మీద రాసిన మోతాదు దాటొద్దు. కన్నులన్నీ ఒకేసారి పగలడానికి ఇది అవసరం. లేకుంటే కొన కన్ను ఒక్కటే పగిలి మిగతావి నిద్రలో ఉంటాయి.

రబ్బరు చేతి తొడుగులు, కళ్లద్దాలు, నిండు చేతుల అంగీ లేకుండా ఎవరినీ ఆ పనిలో దించొద్దు. ఇంకా ముఖ్యమైనది: మందు పూసేవాళ్లు ముందు రోజు నుంచి, పూశాక కనీసం వారం దాకా కల్లు, సారా, ఏ మద్యమూ ముట్టకూడదు. ఈ మందు ఒంట్లోకి చేరాక మద్యం పడితే ముఖం ఎర్రబడి, గుండె దడ, ఊపిరాడకపోవడం, కళ్లు తిరగడం వస్తాయి. సాయంత్రం కల్లు అలవాటున్న కూలీని ఈ పనికి పిలవొద్దు, వేరే పని ఇవ్వండి. గర్భిణులు, పిల్లలు ఆ రోజు తోటలోకే రావద్దు.

## పూత నుంచి గుత్తి దాకా

తీగకు ఎన్ని గుత్తులు ఉంచాలె?

60 చదరపు అడుగుల తీగకు 40 గుత్తులు. గుత్తి 300 గ్రాములైతే తీగకు 12 కిలోలు, 726 తీగలకు 8.7 టన్నులు. 60 గుత్తులు ఉంచిన తోటలో పండు చిన్నదై, తీపి ఆలస్యంగా వచ్చి, బరువు కూడా అంతగా పెరగదు. పూతకు ముందే కొమ్మకు ఒకటి మిగిల్చి తీసేయండి.

జిబ్బరెలిక్ యాసిడ్ ఎప్పుడెప్పుడు, ఎంత?

విత్తనం లేని రకాలకే. ఒక గ్రాము 100 లీటర్లలో కలిపితే 10 పీపీఎం. పొడి నీళ్లలో నేరుగా కరగదు, ముందు కొద్దిగా స్పిరిట్‌లో కరిగించాలి.

కత్తిరించిన 20 నుంచి 22 రోజులకు, గుత్తి చిలకపచ్చగా ఉన్నప్పుడు 10 పీపీఎం పిచికారీ, మూడు నాలుగు రోజులకు 15 పీపీఎం. ఇవి కాడను సాగదీస్తాయి, గుత్తి వదులవుతుంది. కాయ జొన్న గింజంత, 3 నుంచి 4 మి.మీ. కాగానే 40 పీపీఎంలో గుత్తిని ముంచాలి. 6, 7 మి.మీ. దగ్గర 30 పీపీఎంలో మళ్లీ. పూత విచ్చుకున్న రోజుల్లో పెద్ద మోతాదు కొడితే పూత రాలిపోతుంది.

మన బోరు నీళ్ల పీహెచ్ తరచుగా 8 చుట్టూ ఉంటుంది, ఆ నీళ్లలో ఈ మందు చచ్చిపోతుంది. సిట్రిక్ యాసిడ్ కలిపి 6 దగ్గరికి తెచ్చాక, పీహెచ్ కాగితంతో చూసి, అప్పుడు మందు వేయండి. మందు పనిచేయలేదనే ఫిర్యాదుల్లో ముందు చూడాల్సింది నీళ్లనే.

గుత్తి పల్చన చేసుడు అవసరమా?

అవసరం. మొదటి ముంచుడుకు ముందు, చిన్న కత్తెరతో లోపలి, వంకర కాయలు, కొన తీసి గుత్తికి 90 నుంచి 100 కాయలు ఉంచండి. ఒత్తుగా ఉంటే లోపలి కాయ చిట్లి, కుళ్లు మొదలై గుత్తంతా పోతుంది. ఓపిక, సన్నటి చేతివాటం కావాల్సిన పని ఇది. ఎక్కువ తోటల్లో ఆడవాళ్లే చేస్తారు. దానికి కత్తిరింపుతో సమానమైన కూలి ఇవ్వడం న్యాయం.

పిండినల్లి ఏటా వస్తది. మందులకు లొంగదు.

అది బెరడు సందుల్లో దాక్కుంటుంది, మందు అక్కడికి చేరదు. అక్టోబరు కత్తిరింపు అయిన వెంటనే వదులు బెరడును గోనెపట్టాతో రుద్ది రాల్చి, ఆ చెత్తను కాల్చేయండి. చీమలే దాన్ని తీగ తీగకూ మోసుకెళ్తాయి. కాండం చుట్టూ జిగురు పట్టీ కట్టి, తోటలో చీమల పుట్టలు తీసేయండి. క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిండినల్లిని తింటుంది, దాన్ని వదిలాక ఘాటు మందులు కొట్టొద్దు. గుత్తి మీదికి ఎక్కాక చేయగలిగేది కొంచెమే: పట్టిన గుత్తిని కోసి సంచిలో వేసి బయటికి తీసుకెళ్లడం.

చిలుకలు, మైనాలను ఎట్ల ఆపాలె?

వల ఒక్కటే నమ్మకమైనది. పండు మెత్తబడక ముందే పక్కల నుంచి కూడా దించి కట్టండి. మెరుపు రిబ్బన్లు, డబ్బా చప్పుళ్లకు వారంలో అలవాటు పడతాయి.

## కోత, అమ్మకం, ఎండుద్రాక్ష

రంగు వచ్చింది. కొయ్యొచ్చా?

రంగు చూసి కోయొద్దు. రసంలో తీపిని కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో థామ్సన్ 18 బ్రిక్స్ (తీపి కొలత) దాటాలి. తోటలో పది చోట్ల, గుత్తి కొన దగ్గరి కాయ పిండి చూడండి. పై కాయ ముందే తియ్యబడుతుంది, మోసపోతారు. ద్రాక్ష కోశాక పక్వానికి రాదు, పులుపుతో కోసింది పులుపుగానే ఉంటుంది. కోతకు వారం పది రోజుల ముందు నీళ్లు తగ్గించాలి కానీ ఆపొద్దు. ఆపి మళ్లీ ఒక్కసారిగా పెడితే కాయ చిట్లుతుంది. చివరిసారి కొట్టిన మందు డబ్బా మీద కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో రాసి ఉంటుంది, ఆ లెక్క తప్పొద్దు. మీ పండు తినేది ఎవరింటి పిల్లలో.

కోసుడు, పెట్టెల్ల పెట్టుడు ఎట్ల?

మంచు ఆరాక మొదలుపెట్టి పది పదకొండు గంటలకల్లా ముగించాలి. కాడ పట్టుకునే కోయాలి. కాయను తాకితే పైనున్న తెల్లటి పొర చెరిగి పండు పాతదిగా కనపడుతుంది. క్రేటు అడుగున కాగితం, ఒకటే వరుస, నీడలో. పగిలినవి అక్కడే ఏరి, 2 కిలోలు, 4 కిలోల అట్టపెట్టెల్లో సర్దండి. హైదరాబాద్ పండ్ల మార్కెట్ గడ్డిఅన్నారం నుంచి విజయవాడ రోడ్డు మీది బాటసింగారానికి మారింది కాబట్టి నల్గొండ వాళ్లకు దారిలోనే పడుతుంది. పాలమూరు వైపు నుంచి నగరం దాటాలి, రాత్రే బయల్దేరండి. తూకం చీటీ చేతికి రానిదే సరుకు దిగనీయొద్దు. మొత్తం ఒకే రోజు పంపకుండా మూడు నాలుగు దఫాలుగా పంపితే ఒక్క రోజు ధర పడిపోయిన దెబ్బ అంతా మీద పడదు.

మిగిలిన పండుతోటి వైన్ చేసి అమ్మొచ్చా?

ఎక్సైజ్ లైసెన్సు లేకుండా చేసి అమ్మడం నేరం. పైగా ఇవి తినే రకాలు, వైన్‌కు వేరే రకాలు పెంచుతారు.

ధర లేదు. ఎండుద్రాక్ష చేసుకోవచ్చా?

విత్తనం లేని రకమైతే చేయొచ్చు. కానీ 22 బ్రిక్స్ దాటేదాకా తీగ మీదే ఉంచాలి. 18 దగ్గర కోసింది ఎండబెడితే తొక్కే మిగులుతుంది. లీటరు నీటికి 25 గ్రాముల పొటాషియం కార్బొనేటు, 15 మి.లీ. ఎండుద్రాక్ష డిప్పింగ్ ఆయిల్ కలిపి, కడిగిన గుత్తులను రెండు నుంచి నాలుగు నిమిషాలు ముంచండి. కాయ మీది మైనపు పొర కరిగి లోపలి తేమ తేలిగ్గా బయటికి పోతుంది. షెడ్డులో వలల మీద, నీడలో, గాలి ఆడేలా పల్చగా పరిస్తే 15 నుంచి 20 రోజులకు ఎండుతాయి. నేరుగా ఎండలో వేస్తే త్వరగానే ఎండుతాయి కానీ గోధుమ రంగుకు తిరుగుతాయి, ధర పడిపోతుంది.

నాలుగు కిలోల పండుకు సుమారు ఒక కిలో వస్తుంది. కాబట్టి పండు కిలో ధరను నాలుగుతో గుణించి, మందు, కూలి కలిపి, ఎండుద్రాక్ష ధర అంతకంటే పైన ఉంటేనే దిగండి. పిడికిట్లో నొక్కి వదిలితే దేనికది విడిపోవాలి, ముద్దగా అతుక్కుంటే ఇంకా తేమ ఉంది. కాడలు దులిపి, గాలి చొరని సంచుల్లో కట్టి చల్లటి చోట పెట్టండి. మార్చి, ఏప్రిల్ అకాల వానలకు షెడ్డు పక్కలు మూసే టార్పాలిన్ ముందే తెచ్చి ఉంచుకోండి. సగం ఎండిన పండు ఒక్కసారి తడిస్తే రెండు రోజుల్లో బూజు పడుతుంది.